విండోస్ 11లో ఐఎల్-2 స్టుర్మోవిక్ మళ్ళీ ఎగిరింది

రెండో ప్రపంచ యుద్ధ విమానాలను కంప్యూటర్‌లో నడిపే సిమ్యులేటర్లు ఎన్ని వచ్చినా నా మనసు ఐఎల్-2 స్టుర్మోవిక్‌ను దాటి పోలేదు. ఒలెగ్ మాడాక్స్ నాయకత్వంలో తయారైన ఈ సిమ్యులేటర్ 2001లో విడుదలైంది. 2003లో ఫర్గాటెన్ బ్యాటిల్స్, 2004లో పసిఫిక్ ఫైటర్స్ అనే తర్వాతి భాగాలు వచ్చాయి. 2006లో అన్నిటినీ కలిపి ‘1946’ అనే సంకలనం తెచ్చారు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న కంప్యూటర్ మీద ఏళ్ళ తరబడి నేను ఆడింది ఆ సంకలనాన్నే. ఇప్పుడు నా దగ్గరున్నది విండోస్ 11 ల్యాప్‌టాప్. దాని మీద ఈ పాత సిమ్యులేటర్‌ను దారికి తెచ్చే క్రమంలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్నవారికి పనికొస్తుందన్న నమ్మకం నాకుంది.

పాత ఆట కొత్త విండోస్‌లో మొరాయిస్తే అందరూ చెప్పే సలహా ఒకటే: ఆ ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి, కంపాటిబిలిటీ పేజీలో ఉన్న పెట్టెలన్నిటికీ టిక్కులు పెట్టేయమంటారు. ఎక్స్‌పీ మోడ్ పెట్టు, అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు, రంగులు తగ్గించు అంటారు. ఈ పద్ధతి నాకు గిట్టదు. ఒకవేళ ఆట నడిచినా ఏ టిక్కు వల్ల నడిచిందో తెలియదు, రేపు మళ్ళీ ఆగిపోతే ఎక్కడ వెతకాలో అంతకన్నా తెలియదు. ఐఎల్-2 లాంటి ఆటలో ప్రతి లక్షణానికీ దాని కారణం దానికుంటుంది. ఆ కారణాన్ని పట్టుకుంటే మందు చాలా చిన్నది.

ముందు ఆట ప్రతి సంగతి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ ఉండదు. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తెచ్చి తగిలించినా ఆ కాలపు డిస్కులతో ఇంకో ఇబ్బంది ఉంది. నకళ్ళను అరికట్టడానికి అప్పట్లో చాలా ఆటల డిస్కుల్లో సేఫ్‌డిస్క్ వంటి రక్షణ పెట్టేవారు. అది విండోస్ లోపలి పొరల్లో ఒక డ్రైవర్‌ను నడిపించి, అసలు డిస్కు ఉందో లేదో చూసేది. ఆ డ్రైవర్‌లో భద్రతా లోపం బయటపడటంతో 2015 సెప్టెంబరులో విండోస్ విస్టా, 7, 8 వెర్షన్లలో ఒక అప్‌డేట్ ద్వారా దాన్ని నిలిపివేశారు. విండోస్ 10లో అసలే చోటివ్వలేదు. అందుకే ఆ రక్షణ ఉన్న డిస్కు నిక్షేపంగా ఉన్నా ఆట తెరుచుకోదు, ఒక్కోసారి కారణం కూడా చెప్పదు. ఇంటర్నెట్‌లో ఎవరో రక్షణ తొలగించి పెట్టిన (క్రాక్ చేసిన) ఫైళ్ళను దించుకుని కంప్యూటర్‌ను ప్రమాదంలో పడేయడం నాకిష్టం లేదు. ఆటలు అమ్మే జీఓజీ అనే వెబ్‌సైట్‌లో డిజిటల్ ప్రతి కొన్నాను. దానికి డిస్కు తనిఖీ లేదు. ధర కూడా ఒక పూట హోటల్ భోజనాన్ని మించలేదు.

రెండోది, దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. చిన్నదిగా కనిపిస్తుంది గానీ సగం తలనొప్పులు ఇక్కడే పుడతాయి. నేను డి డ్రైవ్‌లో ‘ఆటలు’ అని ఒక ఫోల్డర్ చేసుకుని అందులో పెట్టాను. ప్రోగ్రామ్ ఫైల్స్ జోలికి పోలేదు. ఎందుకు పోకూడదో బెంగళూరులో ఉన్న మా మామయ్య కొడుకు అనుభవం చెబుతుంది. అతనూ ఇదే ఆట పెట్టుకుని ఒక రాత్రి ఫోన్ చేశాడు.

“బావా, సెట్టింగుల ఫైలులో తెర వెడల్పు 1920 అని రాశాను. సేవ్ కూడా చేశాను. ఆట మాత్రం పాత కొలతలోనే తెరుచుకుంటోంది.”

“ఆ ఫైలు ఎక్కడుందో పూర్తి దారి ఒకసారి చదివి వినిపించు.”

“సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్...”

అక్కడితో విషయం తేలిపోయింది. విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు ప్రోగ్రాములు రాయడానికి వీల్లేదు. అయితే పాత 32 బిట్ ప్రోగ్రాములు అక్కడ రాయడానికే అలవాటు పడ్డవి కాబట్టి, అవి కూలిపోకుండా విండోస్ ఒక ఏర్పాటు చేసింది. అవి రాసినదాన్ని నిశ్శబ్దంగా దారి మళ్ళించి, యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటా, లోకల్ కింద వర్చువల్‌స్టోర్ అనే చోట దాచిపెడుతుంది. ఆ తర్వాత ఆట చదివేది కూడా ఆ నకలునే. మావాడు అడ్మినిస్ట్రేటర్ హోదాలో నోట్‌ప్యాడ్ తెరిచి అసలు ఫైలును ఎన్నిసార్లు దిద్దినా ఆట దాన్ని చూడటమే లేదు. వర్చువల్‌స్టోర్‌లో ఉన్న నకలును తీసేసి, ఆట ఫోల్డర్ మొత్తాన్ని వేరే డ్రైవ్‌కు మార్చాడు. మరుక్షణం 1920 కొలతలో తెరుచుకుంది. ఐఎల్-2లో ఒక మంచి గుణం ఏమిటంటే ఫోల్డర్‌ను ఎక్కడికి కాపీ చేసినా నడుస్తుంది. ఆ ధైర్యంతో నేను ఒకటి ఉన్నదున్నట్టుగా ఉంచి, రెండో ప్రతి మీద నా ప్రయోగాలన్నీ చేశాను.

ఇక మొదటిసారి నడిపినప్పటి సంగతి. తెర నల్లబడింది, మెనూ వచ్చింది, దాని అంచుల్లో ఏదో తేడా. చిత్రం కుడివైపు, కిందివైపు కోసేసినట్టుంది. మౌస్ బాణం ఒకచోట ఉంటే నొక్కినది ఇంకోచోట పడుతోంది. దీనికి కారణం ఆటలో లేదు, ల్యాప్‌టాప్ తెరలో ఉంది. చిన్న తెర మీద అక్షరాలు మరీ సన్నగా కనిపించకుండా విండోస్ అన్నిటినీ 150 శాతానికి పెంచి చూపిస్తుంది. ఈ పెంపు గురించి తెలియని పాత ప్రోగ్రామ్‌కు 1920 బై 1080 తెరను 1280 బై 720గా చూపిస్తుంది. ఆట అడిగేది ఒక కొలత, విండోస్ చెప్పేది ఇంకొకటి. ఇక్కడ మాత్రం కంపాటిబిలిటీ పేజీ నిజంగా పనికొచ్చింది. ఐఎల్2ఎఫ్‌బీ అనే ప్రోగ్రామ్ ఫైలు ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ పేజీకి వెళ్ళి, హై డీపీఐ సెట్టింగులు తెరిచి, స్కేలింగ్ (ఈ పెంపు) బాధ్యతను అప్లికేషన్‌కే అప్పగించాను. ఒక్క టిక్కు. ఎందుకు పెడుతున్నానో తెలిసి పెట్టిన టిక్కు.

చిత్రం సరిగ్గా నిలబడింది గానీ వేగం లేదు. ఇరవై ఏళ్ళ నాటి ఆట, దానికి ఎన్నో రెట్ల శక్తి ఉన్న యంత్రం మీద ఈడ్చుకుంటూ నడవడం నాకు మింగుడు పడలేదు. ఇలాంటప్పుడు ఊహలతో పని లేదు. ఈ ఆట తన దినచర్యను తానే రాసుకుంటుంది. సెట్టింగుల ఫైలులో కన్సోల్ విభాగం కింద లాగ్ అన్న పంక్తి 1గా ఉంటే, ఆట ఫోల్డర్‌లోనే లాగ్ ఫైలు ఒకటి తయారవుతుంది. నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే, తెర మీద బొమ్మలు గీయించే ఓపెన్‌జీఎల్ అనే వ్యవస్థ ఎక్కడి నుంచి వచ్చింది, గ్రాఫిక్స్ తయారీదారు ఎవరు, ఏ చిప్ మీద బొమ్మ గీస్తున్నారు అన్నవి వరుసగా కనిపిస్తాయి. నా లాగ్‌లో ఉన్న పేరు ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న చిప్‌ది. విడిగా ఉన్న పెద్ద గ్రాఫిక్స్ కార్డు పనేమీ లేకుండా కూర్చుని ఉంది. రెండు చిప్పులున్న ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. బ్యాటరీ ఆదా కోసం, ఫలానా ప్రోగ్రామ్‌కు శక్తి కావాలని తెలియనంతవరకు చిన్నదానికే పని అప్పగిస్తారు. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అన్న దారిలో వెళ్ళి ఆట ప్రోగ్రామ్‌ను జాబితాలో చేర్చి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకున్నాను. మళ్ళీ నడిపి లాగ్ చూస్తే పెద్ద కార్డు పేరు వచ్చింది. మీ లాగ్‌లో గనక ‘జీడీఐ జెనరిక్’ అన్న మాట కనిపిస్తే అసలు గ్రాఫిక్స్ డ్రైవరే పడలేదని అర్థం. విండోస్ తన పాత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్‌తో ఎలాగో నెట్టుకొస్తోందన్నమాట. అప్పుడు ఇంకేదీ ముట్టుకోకుండా ముందు డ్రైవర్ పెట్టుకోవాలి.

ఈ ఆటకు బొమ్మలు గీయడానికి డైరెక్ట్ఎక్స్, ఓపెన్‌జీఎల్ అని రెండు దారులున్నాయి. ఓపెన్‌జీఎల్‌నే ఎంచుకోండి. నీళ్ళు, అడవులు అత్యున్నత స్థాయిలో కనిపించే ‘పర్ఫెక్ట్’ మోడ్ అందులోనే ఉంది.

ఇక వెడల్పు తెర. నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే, ఎక్కువ ఆనందం పొందిందీ దీనివల్లే. ఆట రూపొందిన రోజుల్లో తెరలు 4:3 నిష్పత్తిలో ఉండేవి. ఇప్పుడు 16:9. ఆటతో పాటు వచ్చే సెటప్ ప్రోగ్రామ్ జాబితాలో మన కొలతలు కనిపించకపోతే బెంగ అక్కరలేదు. కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే. దాన్ని తెరిచి విండో విభాగంలో మూడు పంక్తులు ఇలా దిద్దాను:

విడ్త్=1920
హైట్=1080
సేవ్‌ఆస్పెక్ట్=0

పంక్తుల పేర్లు ఫైలులో ఇంగ్లీషులోనే ఉంటాయి, వాటిని అలాగే ఉంచి అంకెలు మాత్రమే మార్చాలి. మూడో పంక్తి 1గా ఉన్నంతకాలం ఆట 4:3కే పట్టుబడుతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆట మూసేటప్పుడు ఈ ఫైలును తనంతట తాను తిరగరాస్తుంది. కాబట్టి ఆట నడుస్తుండగా చేసిన దిద్దుబాట్లు నిలవవు. పూర్తిగా మూసి, అప్పుడు దిద్దాలి.

తెర నిండింది. కానీ కాక్‌పిట్‌లో కూర్చోగానే ఏదో ఇరుకు. తలుపు సందును అడ్డంగా పడుకోబెట్టి అందులోంచి చూస్తున్నట్టుగా ఉంది. వేగం చూపే ముల్లు, ఎత్తు చూపే ముల్లు తెర అడుగున మాయమయ్యాయి. కాగితం తీసుకుని లెక్క వేశాను. ఈ ఆటలో దృష్టి కోణాన్ని అడ్డంగా కొలుస్తారు. మామూలు కోణం 70 డిగ్రీలు. 4:3 తెర మీద అడ్డంగా 70 డిగ్రీలు ఉంటే నిలువున సుమారు 55 డిగ్రీలు కనిపిస్తాయి. 16:9 తెర మీద అడ్డం అదే 70 డిగ్రీలుగా ఉండిపోతుంది, నిలువు 43 డిగ్రీలకు పడిపోతుంది. అంటే వెడల్పు తెర మనకు పక్కల అదనంగా ఏమీ ఇవ్వలేదు, పైనా కిందా కోసుకుంది. గగనతల పోరులో ఇది చిన్న నష్టం కాదు. మలుపులో శత్రువు విమానం ఉండేది మన తల పైభాగంలోనే.

పాత నిలువు కోణం తిరిగి రావాలంటే అడ్డం కోణం సుమారు 86 డిగ్రీలు కావాలి. ఆట 30 నుంచి 90 డిగ్రీల వరకు అనుమతిస్తుంది. కంట్రోల్స్ పేజీలో వేర్వేరు కోణాలకు విడివిడిగా మీటలు కేటాయించుకోవచ్చు. 85ను జాయ్‌స్టిక్ మీద బొటనవేలికి అందే మీటకు ఇచ్చాను. గురి చూసేటప్పుడు వాడే 30 డిగ్రీలను దాని పక్క మీటకు. కాక్‌పిట్ పూర్తిగా తిరిగి వచ్చింది. బయటి ఫైళ్ళేవీ చేర్చలేదు, ఆటలో ఉన్నదానితోనే పని జరిగింది.

మధ్యమధ్యలో వచ్చే చిన్న కుదుపులకు కాన్ఫ్ ఫైలు ఆర్‌టీఎస్ విభాగంలో ప్రాసెస్ అఫినిటీ మాస్క్ అన్న పంక్తి మందు. దాన్ని 1 చేస్తే ఆట ప్రాసెసర్‌లోని మొదటి కోర్‌కే కట్టుబడి ఉంటుంది. ఒకే కోర్ మీద నడవడానికి రాసిన ప్రోగ్రామ్‌ను కొత్త ప్రాసెసర్ల మీద విండోస్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు తోస్తుంటుంది. నా యంత్రం మీద కుదుపులు దీంతో పోయాయి.

జాయ్‌స్టిక్ విషయంలో విండోస్ తప్పేమీ లేదు గానీ తెలుసుకోవలసింది ఒకటుంది. నా దగ్గర జాయ్‌స్టిక్ ఒకటి, ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్ వేరుగా ఒకటి ఉన్నాయి. ఆట వీటిని పేర్లతో గుర్తుపెట్టుకోదు, సున్నా, ఒకటి అని వరుస సంఖ్యలతో గుర్తుపెట్టుకుంటుంది. తీసి మళ్ళీ తగిలించినప్పుడు వరుస మారితే, థ్రాటిల్ తోస్తే విమానం పక్కకు ఒరుగుతుంది. ఆట ఫోల్డర్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లో పైలట్ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరిచి అక్కడి సెట్టింగ్స్ ఫైలు చూస్తే ఈ సంఖ్యలు కనిపిస్తాయి. ఏ పరికరాన్ని ఏ పోర్టులో పెట్టాలో చిన్న చీటీ రాసి ల్యాప్‌టాప్‌కు అంటించాను. పోర్టు మారనంతవరకు వరుస మారలేదు.

ఇంత శ్రమ ఎందుకని ఇంట్లోవాళ్ళు అడిగారు. నా సమాధానం హరికేన్ అనే బ్రిటిష్ యుద్ధవిమానం.

అన్నీ కుదిరాక నేను మొదట ఎక్కింది హరికేనే. రెండువేల మీటర్ల ఎత్తులో నిలకడగా పోతూ జాయ్‌స్టిక్‌ను ఒక్కసారిగా ముందుకు తోశాను. ముక్కు కిందికి వాలింది, ఇంజన్ దగ్గింది, చప్పుడు తెగింది, ఎగ్జాస్టు నుంచి నల్లపొగ ఒక్కసారి గుప్పుమంది. ముక్కు ఎత్తగానే మళ్ళీ అందుకుంది. ఇది ఆటలో లోపం కాదు, చరిత్ర. హరికేన్‌ను నడిపే ఆ కాలపు మెర్లిన్ ఇంజన్‌లో కార్బ్యురేటర్ ఉండేది. విమానాన్ని ఒక్కసారిగా కిందికి తోస్తే అందులోని పెట్రోలు పైకి ఎగదన్ని ఇంజన్ సరఫరా చెదిరిపోయేది. జర్మన్ మెసెర్‌ష్మిట్ 109లో ఇంధనాన్ని నేరుగా సిలిండర్లలోకి చిమ్మే పద్ధతి ఉండటంతో దానికి ఆ బాధ లేదు. వెంటపడిన బ్రిటిష్ పైలట్ నుంచి తప్పించుకోవడానికి జర్మన్లు ముక్కును కిందికి తోసి జారిపోయేవారు. బ్రిటిష్ పైలట్లు విమానాన్ని ముందు తలకిందులుగా తిప్పి, అప్పుడు లాగేవారు. బ్రిటన్ విమాన పరిశోధనా కేంద్రం ఉన్న ఫార్న్‌బరోలో పనిచేసిన బీట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు 1941లో పెట్రోలు ప్రవాహాన్ని అదుపు చేసే ఒక చిన్న లోహపు బిళ్ళను రూపొందించి ఈ బాధను చాలావరకు తగ్గించారు. ఇదంతా పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చు. వెనక 109 ఉండగా ఇంజన్ తెగినప్పుడు మన చెయ్యి నేర్చుకునేది మాత్రం వేరు. ఆట కథలోంచి కాకుండా విమానం స్వభావంలోంచి పుట్టిన ఈ కష్టం కోసమే నేను ఇన్ని ఫైళ్ళు తెరిచాను.

ఆటకు పేరిచ్చిన ఐఎల్-2 కూడా అంతే. 36 వేలకు పైగా తయారైన సోవియట్ దాడి విమానం అది. ఇంజన్‌నూ పైలట్‌నూ చుట్టి ఉండే కవచమే దాని ముందుభాగపు నిర్మాణం. ట్యాంకుల వరుస మీదికి తక్కువ ఎత్తులో వెళుతుంటే దాని బరువు చేతికి తెలుస్తుంది. పైకి లాగితే వెంటనే లేవదు. ఆ ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

పసిఫిక్ మిషన్లలో జపాన్ వారి జీరో విమానాన్ని నౌక మీద నుంచి లేపేటప్పుడు నాకు మన తీరం గుర్తుకొస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం ఇళ్ళు వదిలి పల్లెలకు తరలిపోయారు. ఆ రోజుల గురించి మా పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. ఆటలో మన తీరం పటం లేదు. అయితే మిషన్ ఫైళ్ళు కూడా టెక్స్ట్ ఫైళ్ళే. ఏ పటం, ఏ సమయం, మబ్బులు ఎంత ఎత్తున, ఏ దళం ఏ దారిన పోవాలి అన్నవన్నీ అందులో మామూలు పంక్తుల్లో ఉంటాయి. ఆటలోనే ఉన్న ఫుల్ మిషన్ బిల్డర్‌తో, పసిఫిక్ పటంలో సముద్రం ఎక్కువగా ఉన్న ఒక చోటును తీసుకుని, ఒక నౌక, తీరాన ఒక రేవు, రక్షణకు విమానాలు లేని ఊరు పెట్టి ఒక మిషన్ అల్లుతున్నాను. ఆటగాడు ఉండేది నేల మీది విమాన విధ్వంసక తుపాకుల వైపు కాదు, గాలిలోనే. అందుకని దాన్ని ఎవరి పక్షం నుంచి చూపించాలన్నది ఇంకా తేల్చుకోలేదు.

టీమ్ డైడాలోస్ అనే ఔత్సాహికుల బృందం ఈ ఆటకు 4.09 నుంచి తర్వాతి వెర్షన్లను ఉచితంగా తయారుచేసి ఇచ్చింది. వాటిని వేసుకునేవారు వరుస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి వేసుకోవాలి, ప్రతి దశకు ముందు ఫోల్డర్ నకలు తీసుకోవాలి. ఆ నకలులో కాన్ఫ్ ఫైలు, యూజర్స్ ఫోల్డర్ ఉన్నాయో లేదో చూసుకోండి. మీరు దిద్దుకున్నవన్నీ ఉండేది ఆ రెండింటిలోనే. మిగతాదంతా మళ్ళీ దించుకోవచ్చు.